ఒరెస్తె చర్చికి వెళ్ళిన ఆదివారం

రోము నుంచి ఏ పెద్దమనిషి ఆ చుట్టుపక్కలకి వచ్చినా, ముందురోజు సాయంత్రం ఒరెస్తెని తీసుకెళ్ళి ఠాణాలో పెట్టడం ఆ ఊళ్ళో ఆనవాయితీ. మంత్రి వంతెన తెరవడానికి వచ్చినా అంతే, రాజుగారి కొడుకు రైల్లో నిద్రపోతూ ఊరి మీదుగా వెళ్ళిపోయినా అంతే. ఇద్దరు పోలీసు జవాన్లు వీధి మలుపు తిరగ్గానే ఒరెస్తె చేస్తున్న పీపాని పక్కకి దొర్లించి, చేతులు దులుపుకుని, "ఈసారి ఎవరట?" అని అడిగేవాడు. అతని భార్య ఎర్మీనియా ఉన్ని బనీనూ, రొట్టే, పొగాకూ మూటకట్టి ఇచ్చేది. వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసం చెప్పి, భోంచేసి వెళ్ళిపోయాక ఒరెస్తెని వదిలేసేవారు.

వాళ్ళ కూతురు నొవెల్లా చిన్నప్పుడు అందరి నాన్నలూ ఇలాగే వెళ్తారనుకునేది. బళ్ళో పక్కపిల్లని "మీ నాన్న ఠాణాకి ఎప్పుడెళ్తాడు?" అని అడిగితే, ఆ పిల్ల తల్లి మర్నాటి నుంచి నొవెల్లా పక్కన కూర్చోనివ్వలేదు. అప్పుడు తెలిసింది నొవెల్లాకి, తమ ఇల్లు వేరే రకం ఇల్లని.

ఒరెస్తె అనార్కిస్టు. మనిషి నెత్తిమీద దొరా ఉండకూడదు, దేవుడూ ఉండకూడదు అనే రకం. రొమాన్యా ప్రాంతంలో ఒకప్పుడు అలాంటివాళ్ళు ప్రతి సారాయి దుకాణంలోనూ ఉండేవారు. నల్లచొక్కాల ఫాసిస్టు పార్టీవాళ్ళు వచ్చాక కొందరు చచ్చిపోయారు, కొందరు సరిహద్దు దాటి ఫ్రాన్సు పోయారు, కొందరు నోరు మూసుకున్నారు. ఒరెస్తె నోరు మూసుకున్నాడు గానీ పార్టీ కార్డు మాత్రం తీసుకోలేదు. ఆ రోజుల్లోనే రైతుల సహకార సంఘం భవనం తగలబెట్టి, అడ్డొచ్చిన ఒరెస్తెని నడివీధిలో కూర్చోబెట్టి గొంతులో సీసాడు ఆముదం పోశారు. సీసా పట్టుకున్న కుర్రాడు బెల్లెట్టి, నోటరీ గారబ్బాయి. ఇప్పుడు అతనే ఊరికి పార్టీ కార్యదర్శి. ఎదురుపడితే ఒరెస్తె కడుపు కేసి చూసి నవ్వుతాడు.

అలాంటి ఇంట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు సాంతె, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మంచివాడు, నెమ్మదస్తుడు, తల్లి మాట జవదాటడు. ఆ తల్లేమో చర్చిలో కాకుండా పెళ్ళి చేసుకుంటే దొంగకాపురం కిందే లెక్క అంటుంది. ఒరెస్తె ముప్ఫై ఏళ్ళుగా చర్చి గడప తొక్కలేదు. చివరికి ఎర్మీనియా మధ్యలో పడి రాజీ కుదిర్చింది. ఒరెస్తె కూతుర్ని మెట్లదాకా నడిపించి, పెళ్ళయ్యేదాకా బయట నిలబడి చుట్ట కాల్చుకుంటాడు. లోపలికి మేనమామ తీసుకెళ్తాడు. మే నెలలో ఆదివారం పొద్దున ముహూర్తం అనుకున్నారు.

సరిగ్గా అంతకు ముందు సోమవారం ఊరంతా గోడలకి కాగితాలు అంటించారు. కొత్త ధాన్యం గోదాము తెరవడానికి రోము నుంచి ఉపమంత్రి వస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం. ప్రజలందరూ హాజరు కావాలి.

ఎర్మీనియా ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివింది. "ఆయనకి వేరే ఆదివారమే దొరకలేదా?" అంది. వెనకనున్న ఎవరో దగ్గితే గబుక్కున నోరు మూసుకుంది.

పెళ్ళి ముందుకి జరుపుదామంటే చర్చిలో వారం వారం చదివే పెళ్ళి ప్రకటనలు ఇంకా పూర్తి కాలేదు. వెనక్కి జరుపుదామంటే నొవెల్లా పొట్ట ఆగదు. ఆ సంగతి ఆ పిల్లకీ, సాంతెకీ, పెళ్ళిగౌను నడుం దగ్గర కుట్లు విప్పిన ఎర్మీనియాకీ తప్ప ఎవరికీ తెలీదు.

నొవెల్లా ఆ మధ్యాహ్నమే ఠాణాకి వెళ్ళింది. ఠాణా పెద్దని ఊరంతా మారెషాల్లో గారు అంటుంది. అది ఆయన హోదా. అసలు పేరు కార్మెలో స్కుతెరి. ఎక్కడో దక్షిణాన కలాబ్రియా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భార్యా, ఆడపిల్లలూ సొంతూళ్ళోనే ఉన్నారు. ఒరెస్తెని లోపలేసిన ప్రతిసారీ ఇద్దరూ ఊచలకి చెరోవైపూ కూర్చుని పేకాడతారని జవాన్లు చెప్పుకునేవారు.

"మారెషాల్లో గారూ, మా నాన్నని పెళ్ళయ్యాక పట్టుకెళ్ళండి. మీకు పుణ్యం ఉంటుంది," అంది నొవెల్లా.

"అది నా చేతిలో ఉంటే అసలు పట్టుకెళ్ళనే పట్టుకెళ్ళను తల్లీ. జిల్లా నుంచి ఆర్డరు. శనివారం చీకటి పడేలోపు అనుమానితులందరూ లోపలుండాలి. అందరూ అంటే మనూళ్ళో ఎవరున్నారు? మీ నాన్న ఒక్కడేగా."

"ఒక్క పూట. ఎవరికి తెలుస్తుంది?"

"బెల్లెట్టికి తెలుస్తుంది. నేను మెత్తబడ్డానని ఇప్పటికే ఓసారి పైకి రాశాడు. ఇంకోసారి రాస్తే నన్ను ఏ దీవికో విసిరేస్తారు. నా పిల్లలకి కూడా పెళ్ళిళ్ళు కావాలి కదమ్మా."

నొవెల్లా ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మారెషాల్లోకి అనిపించింది కాబోలు, కాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒకటుంది. ఆదివారం నాడు ఖైదీ పూజ వింటానని అడిగితే జవాన్లని తోడిచ్చి చర్చికి తీసుకెళ్ళాలని రూలుంది. మీ పెళ్ళి జరిగేది పూజలోనేగా?"

నొవెల్లా కళ్ళు మెరిశాయి. వెంటనే మసకబారాయి. "మా నాన్నా? పూజ అడగడమా?"

"ఆయన నోటితో ఆయనే అడగాలి. నా ఎదురుగా, జవాను ఎదురుగా. రేపు నన్నెవరైనా గట్టిగా అడిగితే నేను అబద్ధం ఆడలేను, చెమటలు పట్టేస్తాయి. ఇంకో మాట. బయట నిలబడి చుట్ట కాల్చడానికి రూల్లో వీల్లేదు. లోపలికి రావాలి."

శనివారం సాయంత్రం ఒరెస్తెని తీసుకెళ్ళారు. దారిలో బెల్లెట్టి పూలతోరణం కట్టిస్తూ కనబడి, "ఏం ఒరెస్తె, రేపు మీ అమ్మాయి పెళ్ళట? శుభాకాంక్షలు. మీ వాటా కేకు నేను తింటాలే," అన్నాడు. వెనకాల నడుస్తున్న నొవెల్లా చూసింది, తండ్రి మెడ మీద నరం ఉబ్బడం.

ఠాణా వెనక సందులోకి జైలుగది కిటికీ ఉంది. చుట్టుపక్కల వాళ్ళు గుడ్డలు ఆరేసుకునే సందు. నొవెల్లా ఒక తిరగేసిన బాల్చీ ఎక్కి ఊచలు పట్టుకుంది. మారెషాల్లో చెప్పిందంతా చెప్పింది. ఒరెస్తె మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

"మీ అమ్మ పంపిందా?"

"లేదు."

"సాంతె వాళ్ళమ్మా?"

"నేనే వచ్చాను నాన్నా."

"సంఘం తగలబడుతుంటే ఆ చర్చిలో గంటలు కొట్టారు. పండక్కి కొట్టినట్టు. నీకు గుర్తుండదు."

"గుర్తుంది. నీ భుజం మీదున్నాను. అప్పటి ఫాదరు చచ్చిపోయాడు. ఫాదర్ ఎవారిస్తో అలాంటివాడు కాదు."

"గంటలు చావలేదుగా," అన్నాడు ఒరెస్తె.

నొవెల్లా ఇంటి నుంచి వచ్చేటప్పుడు చాలా మాటలు కూర్చుకుంది, అన్నీ జారిపోయాయి. నెత్తి మీద ఎవరివో తడి దుప్పట్లు గాలికి టపటపలాడుతున్నాయి.

"నిన్ను మోకరిల్లమనడం లేదు. దణ్ణం పెట్టమనీ అనడం లేదు. నువ్వు అడగకపోయినా నేను కోపం తెచ్చుకోను," అంది. ఊచల దగ్గరికి మొహం పెట్టి, "నాన్నా, నీకింకోటి చెప్పాలి. క్రిస్మస్‌కి ముందే నువ్వు తాతవి అవుతావు," అంది.

ఒరెస్తె కిటికీ దగ్గరికి వచ్చాడు. కూతురి మొహంలోకి చూశాడు, వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"సాంతె వాళ్ళమ్మకి తెలుసా?"

"తెలీదు."

అంతే, పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, మంచం కోడు పట్టుకుని వంగిపోయాడు. "అయితే ఆవిడ చర్చిలోకి టిక్కెట్టు లేకుండా ఒకణ్ణి తోలుకెళ్తున్నావన్నమాట! శభాష్!" జవాను తలుపు తట్టి "ఏమైంది?" అని అడిగాడు. "ఏం లేదు, పొలమారింది," అన్నాడు ఒరెస్తె. ఊచల్లోంచి చెయ్యి పెట్టి కూతురి చెంప మీద ఒకసారి తట్టాడు. "ఇంటికి పో. బాల్చీ మీంచి దూకొద్దు, మెల్లిగా దిగు."

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆదివారం పొద్దున నొవెల్లా అందరికంటే ముందే తయారై కూర్చుంది. ఊరంతా ఖాళీగా ఉంది. బ్యాండువాళ్ళనీ, బడిపిల్లల్నీ, మేయర్నీ వెంటేసుకుని బెల్లెట్టి బొలోన్యా రోడ్డు మీద పూలతోరణం కిందికి పోయాడు. ఉపమంత్రి మధ్యాహ్నానికి గానీ రాడు, అయినా పిల్లల చేత పాటలు వల్లెవేయించాలిగా. పెళ్ళివాళ్ళు తొందరగా పూజ కానిచ్చేసి అందరూ అటే రావాలని ముందే హుకుం ఇచ్చాడు.

చర్చి మెట్ల మీద నొవెల్లా, పక్కన ఎర్మీనియా. సాంతె లోపల తల్లి పక్కన బిగుసుకుపోయి నిలబడ్డాడు. మేనమామ గుమ్మంలో నిలబడి, "ఇంక రాడే పిల్లా. వాడి మొండితనం నాకు తెలీదా? చెయ్యి ఇలా ఇవ్వు," అన్నాడు.

"ఇంకొంచెంసేపు మావయ్యా."

ఫాదర్ ఎవారిస్తో తొంగిచూసి గొంతు సవరించుకున్నాడు. ఎర్మీనియా కూతురి గౌను మీద లేని ముడతలు సవరిస్తోంది. "వదిలెయ్ అమ్మా," అంది నొవెల్లా విసుగ్గా. అనేసి, మేనమామ చెయ్యి పట్టుకోబోయింది.

అప్పుడు చర్చి ముందున్న మైదానం అవతల సందులోంచి నలుగురు వచ్చారు. ముందు మారెషాల్లో. వెనక ఇద్దరు జవాన్లు, ఉపమంత్రి వస్తున్నాడని పండగ దుస్తుల్లో ఉన్నారు: ఈకల కుచ్చు టోపీలూ, తెల్ల చేతితొడుగులూ, కత్తులూ. వాళ్ళిద్దరి మధ్యా ఒరెస్తె. ఎర్మీనియా మూటలో పెట్టిచ్చిన తన పెళ్ళినాటి నల్ల కోటు వేసుకుని, గడ్డం గీసుకుని, చేతికి బేడీల్లేకుండా. తెలియనివాడెవడైనా చూస్తే ఊరికి పెద్ద అనే అనుకుంటాడు.

ఎర్మీనియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నొవెల్లాకి ఒక్కసారిగా ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. కానీ ఆ తేలికదనం నిలవలేదు. మోటారు చప్పుడైంది.

బొలోన్యా రోడ్డు వైపు నుంచి కాదు, దానికి ఎదురుగా ఉన్న రవెన్నా రోడ్డు నుంచి, చెప్పిన వేళకంటే ఎంతో ముందుగా పొడుగాటి నల్ల కారొకటి మైదానంలోకి వచ్చి, సరిగ్గా ఆ నలుగురి ముందు ఆగింది. కారు దిగినాయన పొట్టిగా లావుగా ఉన్నాడు. ఛాతీ నిండా పతకాలు. ఖాళీ మైదానం అంతా ఒకసారి కలయజూసి, పండగ దుస్తుల్లో ఉన్న జవాన్లనీ, మధ్యలో కోటేసుకున్న పెద్దమనిషినీ చూసి మొహం విప్పార్చుకున్నాడు.

"మేయరు గారా?" అంటూ చెయ్యి చాపాడు.

మెట్ల మీద నుంచే నొవెల్లాకి కనబడింది, మారెషాల్లో చెవుల వెనక నుంచి చెమట కాలువ కట్టడం. ఈయన మీ మూలానే జైల్లో ఉన్న మనిషి అని చెబితే ఆయన ఉద్యోగం ఊడుతుంది. మేయరే అని చెబితే, అసలు మేయరు ఇంకో గంటలో మేళతాళాలతో ఎదురొస్తాడు. ఇంక నాన్న నోరు తెరిచి తన మనసులో ఉన్నది అన్నాడా, ఈసారి ఆముదంతో పోదు. నొవెల్లా గౌను గుప్పిట్లో నలిపేసింది.

ఒరెస్తె ఆ చెయ్యి వైపు చూశాడు. తర్వాత మెట్ల వైపు చూశాడు. కూతురు కనబడింది. టోపీ తీసి, ఉపమంత్రి చెయ్యి అందుకున్నాడు.

"కాదండీ. పెళ్ళికూతురి తండ్రిని."

ఉపమంత్రి పెద్దగా నవ్వాడు. "ఇంకా మంచిది! మేయర్లదేముంది, ఎక్కడ చూసినా వాళ్ళే. దేశానికి కావలసింది పిల్లలు. నీకెంతమంది?"

"ఒక్కతే."

"ఒక్కతేనా! సిగ్గుండాలి. మీ అల్లుడికైనా చెప్పు, ఆలస్యం చెయ్యొద్దని."

"చెయ్యలేదండీ," అన్నాడు ఒరెస్తె.

ఉపమంత్రికి అది ఎలా వినబడిందో గానీ మెచ్చుకోలుగా తలాడించాడు. నొవెల్లా చెవులదాకా ఎర్రబడింది. మేనమామ "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అడుగుతున్నాడు.

"సరే, గోదాము ఎటు?" అన్నాడు ఉపమంత్రి. "ఎండ ముదరకముందే చూసేసి, భోజనానికి రవెన్నా చేరాలి."

గోదాము మైదానానికి అవతల, చక్కెరదుంపల పొలాల వైపు ఉంది. ఒరెస్తె కుడిచెయ్యి బారుగా చాపి అటు చూపించాడు.

ఉపమంత్రి బిగుసుకున్నాడు. మడమలు టకామని కొట్టి, తనూ చెయ్యి చాచి పార్టీ సలాం చేశాడు. అది చూసి జవాన్లు ఇద్దరూ సలాం చేశారు. మారెషాల్లో చేశాడు. కారు డ్రైవరు చేశాడు. అందరి మధ్యా ఒరెస్తె చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఆ మొక్కజొన్న చేను దాటాక ఎడమకి," అన్నాడు నీరసంగా.

కారు వెళ్ళిపోయింది. దుమ్ము మెల్లగా సర్దుకుంది. మారెషాల్లో జేబురుమాలు తీసి మొహం, మెడ, టోపీ లోపలా తుడుచుకున్నాడు.

ఆ తుడుచుకోవడం అయిందో లేదో బెల్లెట్టి సైకిలు తొక్కుకుంటూ ఊడిపడ్డాడు. ఎవరో కారుని చూసి కబురు చేసినట్టున్నారు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. టోపీ కుచ్చు కంట్లో పడుతోంది.

"ఉపమంత్రిగారు ఎటు?" అని అరిచాడు. అరుస్తూనే ఒరెస్తెని చూశాడు. "ఈయన బయటేం చేస్తున్నాడు?"

"పూజ వింటానని అడిగాడు. రూలుంది," అన్నాడు మారెషాల్లో.

"రూలా! నువ్వూ, నీ రూలూ... ఈ సంగతి ఇవాళే జిల్లాకి..."

"తప్పకుండా రాయండి," అన్నాడు మారెషాల్లో. ఆయన గొంతులోకి ఎక్కడి నుంచో ధైర్యం వచ్చింది. చెమట పట్టడం లేదు, చెబుతున్నవన్నీ నిజాలే మరి. "ఉపమంత్రిగారు వచ్చేసరికి మైదానంలో పార్టీ తరపున ఒక్కరూ లేరు. మేయరు గారూ లేరు. ఒరెస్తెతో చేతులు కలిపారు, కబుర్లాడారు, సలాం చేశారు, గోదాముకి దారి అడిగి వెళ్ళారు. ఎవరితో చేతులు కలిపారో ఆయనకి ఇంకా తెలీదు. నేను చెప్పనా, మీరు చెప్తారా?"

బెల్లెట్టి మొహం నొవెల్లా జీవితాంతం మర్చిపోలేదు. అందులో కోపం పోయి, దాని వెనకే భయం వచ్చి కూర్చుంది. ఊరందరికీ ఆ మనిషి పంచిన భయమే అది. అతనికీ ఉంటుందని ఆ పిల్ల ఎన్నడూ అనుకోలేదు.

"ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు," అన్నాడు బెల్లెట్టి చివరికి. "అటు ఒక్కరే వెళ్ళారా? గోదాము తాళాలు నా దగ్గరున్నాయి!" అని సైకిలెక్కి చేల వైపు తొక్కుకుంటూ పోయాడు.

అతను మలుపు తిరిగేదాకా అందరూ ఊపిరి బిగపట్టుకున్నారు. ముందు ఎర్మీనియా నవ్వింది. తర్వాత ఒక జవాను. కుచ్చు టోపీ ఊడిపోయేట్టు నవ్వుతున్న ఆ జవాన్ని మారెషాల్లో "లైన్లో నిలబడు!" అని కసిరాడు గానీ, ఆయన భుజాలూ ఊగుతున్నాయి.

ఒరెస్తె ఒక్కడే నవ్వలేదు. మెట్ల దాకా వచ్చి, "నేను దారి చూపించాను. అది సలాం కాదు. మీరందరూ చూశారు," అన్నాడు.

"చూశాం నాన్నా," అంది నొవెల్లా. మేనమామ పక్కకి తప్పుకున్నాడు. ఒరెస్తె కూతురి చెయ్యి తన చేతి మీద వేసుకున్నాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నొవెల్లా తొందరపెట్టలేదు. ఆయన దీర్ఘంగా ఊపిరి పీల్చి, చల్లటి నీళ్ళలోకి దిగేవాడిలా లోపల అడుగు పెట్టాడు.

పూజ జరిగినంతసేపూ ఇద్దరు కుచ్చుటోపీల మధ్య నిటారుగా నిలబడ్డాడు. అందరూ మోకరిల్లినప్పుడు కూడా. ఫాదర్ ఎవారిస్తో అది చూడనట్టే ఉండిపోయాడు. ప్రమాణం చెప్పేటప్పుడు నొవెల్లా రెండుసార్లు తడబడింది. వెనక నుంచి తండ్రి దగ్గు వినబడ్డాక సాఫీగా చెప్పేసింది. సాంతె వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "చూశావా, మనిషిని దేవుడే దారికి తెచ్చుకున్నాడు," అని పక్కావిడతో అంటే, ఎర్మీనియా "అవునొదినా" అని ఊరుకుంది.

ఉపమంత్రి ఇంకా ఊరు దాటలేదు కాబట్టి ఒరెస్తె మళ్ళీ ఠాణాకి వెళ్ళాల్సిందే. పెళ్ళివిందు కూడా అక్కడికే వెళ్ళింది. ఎర్మీనియా వేడి రసంలో తేలుతున్న కాప్పెల్లెట్టి పిండిముద్దల గిన్నె మోసుకొచ్చింది, సాంతె ద్రాక్షసారా జాడీ తెచ్చాడు. ఊచలకి అవతల ఒకడు, ఇవతల మిగతావాళ్ళు. మారెషాల్లో మొదట డ్యూటీలో ఉన్నానన్నాడు. ఎర్మీనియా పళ్ళెం ఒళ్ళో పెట్టేసరికి కాదనలేకపోయాడు. రెండో గ్లాసు తర్వాత కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తన పెద్దపిల్ల ఫోటో తీసి చూపించాడు. దూరంగా గోదాము దగ్గర లౌడ్‌స్పీకరులో ఎవరో దేశం గురించి అరుస్తున్నారు, గాలి అటు వీస్తే వినబడుతోంది, ఇటు వీస్తే లేదు.

సోమవారం పొద్దున ఒరెస్తెని వదిలేశారు. నొవెల్లా తీసుకురావడానికి వెళ్ళింది. ఇద్దరూ వీధిలో నడుస్తున్నారు. పీపాల పాకలోంచి పనివాడొకడు చెయ్యి చాచి సలాం చేసి లోపలికి పారిపోయాడు. ఊరంతటికీ తెలిసిపోయిందన్నమాట.

"వీళ్ళు నన్ను చచ్చేదాకా వదలరు," అన్నాడు ఒరెస్తె.

"చర్చిలో మరీ కష్టంగా అనిపించిందా నాన్నా?"

ఒరెస్తె జేబులోంచి చుట్ట తీశాడు.

"లోపల చలి," అన్నాడు. "మీ అత్తగారు ప్రతి వారం అక్కడ అంతసేపు ఎలా కూర్చుంటుందో గానీ, బాలింతకి మాత్రం మంచిది కాదు. ఆవిడతో ఇప్పటి నుంచే చెప్పు."